పాత బోటుకు గట్టు కరెంటు: ఎర్త్ కలపాలా, వద్దా?

భావనపాడు బోటు: మాది ఇరవై ఏళ్ల చెక్క బోటు, విశాఖలో కడతాం. వేట నిషేధం 61 రోజులూ గట్టు మీంచి కరెంటు లాగి బ్యాటరీ ఛార్జరు, రెండు ఫ్యాన్లు, లైట్లు నడుపుతాం. బోటులో సాకెట్ మాడి నల్లబడింది, ఈసారి అంతా మార్చేస్తున్నా. ఎర్త్ తీగను ఇంజను బాడీకి కలపాలంటున్నారు. కలపాలా?

కళింగపట్నం వాసి: వద్దు బాబూ. పోయినేడు కలిపాను, బోటు ఇనుము తుప్పు పట్టకుండా నీళ్లలో బిగించే జింకు ముక్కలు, ఏడాది రావాల్సినవి, రెండు నెలల్లో సున్నంలా రాలిపోయాయి. పక్కన ఇనుప బోటుకూ అదే ఎర్త్. ఇక ఉప్పునీళ్లలో రెండూ కలిసి ఒక బ్యాటరీ అయిపోతాయి, నా జింకు కరిగి వాడి ఇనుమును కాపాడుతుంది.

పూసపాటిరేగ వైరింగ్: జింకు మాట నిజమే. అలాగని ఎర్త్ పీకేస్తారా? ఛార్జరులో ఫేజు బాడీకి తగిలితే కరెంటు పోవడానికి తీగ ఉండాలి, లేదంటే ఇంజను మీద చెయ్యి వేసినవాడి ఒంట్లోంచి పోతుంది. 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ పెట్టండి, కరెంటు కాస్త లీకైనా టక్కున ఆపేసే స్విచ్చి అది. ఎర్త్ తీగలో గాల్వానిక్ ఐసోలేటర్ వేస్తే జింకును తినే చిన్న డీసీని ఆపుతుంది, ఫాల్ట్ కరెంటును వదిలేస్తుంది.

కళింగపట్నం వాసి: లోడు ఎక్కువైతే పడిపోయే 16 ఆంపుల ఎంసీబీ స్విచ్చి ఉందిగా!

పూసపాటిరేగ వైరింగ్: ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. ఆ 16లో నూరో వంతు చాలు, గుండె ఆగిపోవడానికి.

టెక్కలి కుర్రాడు: మా ఇంట్లో ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుంది.

పూసపాటిరేగ వైరింగ్: ఊరికే పడదు తమ్ముడూ, ఎక్కడో లీకుంది, చూపించు.

కళింగపట్నం వాసి: అసలు నువ్వెప్పుడైనా బోటెక్కావా? నీలాంటి మేస్త్రీయే ఎనిమిది వేలు పట్టుకెళ్లి, ఇళ్లకు వేసే ఒంటి రాగి తీగ వేసిపోయాడు. ఇంజను అదురుకి నెలలో తెగింది!

పూసపాటిరేగ వైరింగ్: బోటుకు సన్న పోగుల తీగ వేయాలి, అది తెలియకపోవడం వాడి తప్పు. దానికీ ఎర్త్‌కీ ఏటండీ సంబంధం?

సోంపేట కలాసీ: పొద్దుట్నుంచీ జింకు, జింకు. నిషేధంలో ఓనర్లు ఇంటికి పోతారు, తడి కాళ్లతో బోటులో కాపలా పడుకునేది మేము. రెండేళ్ల కిందట కరెంటు నన్ను విదిలించి కొడితే మా ఓనరు ఏమన్నాడో తెలుసా? చెప్పులేసుకోరా అన్నాడు.

కళింగపట్నం వాసి: నేను చావమన్నానా? అప్పు నాది, జింకు ఖర్చు నాది. ఆ ఐసోలేటరేదో నేనడిగిన షాపుల్లో పేరే వినలేదన్నారు.

పూసపాటిరేగ వైరింగ్: దొరికేదాకా ఎర్త్, ఆర్‌సీసీబీ ఉంచి, ఛార్జింగ్ అవగానే ప్లగ్గు పీకేయండి. పీకితే గట్టుతో లంకె తెగుతుంది, జింకుకూ ఆ బాధ ఉండదు.

భావనపాడు బోటు: సరే, కలుపుతున్నా. మరి రాత్రి ఫ్యాన్లు?

సోంపేట కలాసీ: బ్యాటరీ మీద తిరిగేవి కొనండి సార్.

కళింగపట్నం వాసి: అవి కూడా ఓనరే కొనాలా?