బీటెక్‌తో పాటు వీణ డిప్లొమా: విజయవాడలో రెండూ కుదురుతాయా?

ప్రశ్న (బెజవాడ అమ్మ):
మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పాసైంది. ఘంటసాల ప్రభుత్వ సంగీత కళాశాలలో నాలుగేళ్ల వీణ సర్టిఫికెట్ కూడా అయిపోయింది. కానూరు వైపు సీఎస్‌ఈ సీటు వచ్చేలా ఉంది. రెండేళ్ల డిప్లొమా కూడా ఇప్పుడే చేయించొచ్చా, బీటెక్ అయ్యాక చేరిస్తే మంచిదా? అమెరికాలో అయితే డబుల్ మేజర్ (ఒకే డిగ్రీలో రెండు ప్రధాన సబ్జెక్టులు) తేలిక అంటున్నారు, నిజమేనా?

శ్రుతిపెట్టె:
చేయించొచ్చండీ, కాకపోతే మొదటి సెమిస్టర్‌లో వద్దు. టైమ్ టేబుల్ చేతికి వచ్చి, ల్యాబ్‌లు ఏ రోజు ఎన్నింటికి వదులుతారో తెలిశాక రెండో ఏడాదిలో చేర్చండి. కానూరు నుంచి సంగీత కళాశాల ఉన్న దుర్గాపురం రావాలంటే సాయంత్రం బెంజ్ సర్కిల్ దాటాలి. ల్యాబ్ ఆలస్యంగా వదిలిన రోజు సంగీతం క్లాసు పోయినట్టే. జేఎన్‌టీయూ పద్ధతిలో 75 శాతం హాజరు కావాలి, కాబట్టి అటువైపు క్లాసులు ఎగ్గొట్టే వీలు లేదు.

యూజీసీ 2022 ఏప్రిల్‌లో ఒకేసారి రెండు కోర్సులు చదవడానికి అనుమతిచ్చింది. రెండూ రెగ్యులర్ అయితే క్లాసుల వేళలు ఒకదానిమీద ఒకటి పడకూడదు. ఒకటి రెగ్యులర్, ఒకటి దూరవిద్య అయినా సరే. పీహెచ్‌డీకి ఇది వర్తించదు. అమలు చేయాలా వద్దా అన్నది మాత్రం ఆయా విశ్వవిద్యాలయాల చేతిలోనే ఉంది. అందుకే ఫీజు కట్టకముందే రెండు చోట్లా అడగండి.

అసలు చిక్కు టీసీ దగ్గర వస్తుంది. ఒరిజినల్ ఒక్కటే ఉంటుంది, అది ఇంజినీరింగ్ కాలేజీలో ఉండిపోతుంది. ఇచ్చేముందే నాలుగైదు అటెస్టెడ్ కాపీలు తీసి పెట్టుకోండి. బీటెక్ కాలేజీ బోనఫైడ్‌తో పాటు కాపీ ఇస్తే సరిపోతుందా అని సంగీత కళాశాల ఆఫీసులో ముందే కనుక్కోండి.

మేళకర్త15:
సాధన సంగతి కూడా చూసుకోవాలి. సెమిస్టర్ పరీక్షల పేరుతో రెండు మూడు వారాలు వీణ ముట్టకపోతే, ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు మీద కాసిన కాయలు మెత్తబడతాయి. మళ్లీ కూర్చుంటే తీగ లాగి గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) పలికించేటప్పుడు వేళ్లు మండుతాయి, ఆ మంటకు తీగ సగంలో వదిలేస్తారు, స్వరం తక్కువ పలుకుతుంది. పరీక్షల రోజుల్లోనూ పొద్దున్నే ఇరవై నిమిషాలు చాలు: అలంకారాలు మూడు కాలాల్లో, ఒక వర్ణం రెండు కాలాల్లో. కొత్త కృతి మాత్రం సెలవుల్లోనే మొదలుపెట్టించండి.

వీణను కాలేజీకి మోయించకండి. తీగల కింద స్వరస్థానాలకు అమర్చిన మెట్లు మైనం మీద కూర్చుని ఉంటాయి కదా, మన మే నెల ఎండలో మూసిన కారులో పెడితే మైనం జారి మెట్లు కదులుతాయి. అప్పుడు తీగలు బిగించే బిరడాలు ఎంత తిప్పినా లాభం లేదు, మేళం (మెట్ల అమరిక) మళ్లీ కట్టించాల్సిందే.

థియరీకి మీ అమ్మాయి భయపడక్కర్లేదు. పేరులోని మొదటి రెండు అక్షరాలను అంకెలుగా మార్చి, 72 మేళకర్త రాగాల్లో అది ఎన్నోదో చెప్పే కటపయాది సూత్రం లెక్కల పిల్లలకు ఇట్టే పడుతుంది. మాయామాళవగౌళలో మా అంటే 5, యా అంటే 1, తిరగేస్తే 15. 36 లోపు కాబట్టి శుద్ధ మధ్యమం. ఆరేసి రాగాల చక్రాలుగా చూస్తే మూడో చక్రంలో మూడో రాగం. చక్రం సంఖ్యతో రి గ, చక్రంలో వరుస సంఖ్యతో ద ని తేలిపోతాయి.

అట్లాంటిక్ అవతల:
అమెరికా గురించి. అక్కడ సంగీతంలో బీఏ వేరు, బీఎం (బ్యాచిలర్ ఆఫ్ మ్యూజిక్) వేరు. బీఏలో సంగీతం వాటా సుమారు మూడో వంతు, అందువల్ల కంప్యూటర్ సైన్స్‌తో డబుల్ మేజర్ నాలుగేళ్లలో కుదురుతుంది. బీఎంలో దాదాపు మూడింట రెండు వంతులు సంగీతమే, దానికి ఇంకో డిగ్రీ కలిపితే ఐదేళ్లు పడుతుంది. ఓబర్లిన్ కాలేజీలో అలా ఐదేళ్ల జంట డిగ్రీ ఉంది. అయితే చాలాచోట్ల ఆడిషన్ పాశ్చాత్య సంగీతంలోనే ఉంటుంది. కర్ణాటక సంగీతాన్ని దశాబ్దాలుగా నేర్పుతున్నది వెస్లియన్ విశ్వవిద్యాలయం. అక్కడికి రాసేముందు ఒక వర్ణం, ఆలాపనతో ఒక కృతి ఎడిటింగ్ లేకుండా వీడియో తీసి ఉంచండి.

బెజవాడ అమ్మ:
చాలా థాంక్సండీ. రెండో ఏడాదిలోనే చేరుస్తాం. బీటెక్ మీద ఎంఏ సంగీతానికి ఈ డిప్లొమా పనికొస్తుందా?

శ్రుతిపెట్టె:
చాలా విశ్వవిద్యాలయాల్లో ఏదైనా డిగ్రీకి సంగీత డిప్లొమా తోడైతే తీసుకుంటారు, ప్రవేశ పరీక్షలో వాయించి చూపాలి. మార్కుల లిస్టులు, పాస్ సర్టిఫికెట్ జాగ్రత్త చేయండి. రెండు చోట్లా పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే సరిచూడండి.