రైల్లో సైకిల్ తీసుకెళ్ళినవాళ్ళు చెప్పండి: బెంగళూరు, చెన్నై

హెబ్బాళ్ కుర్రాడు:
అందరికీ నమస్కారం. సంక్రాంతికి బెంగళూరు నుంచి మా రాజమండ్రి వెళ్తున్నాను. సైకిల్ కూడా తీసుకెళ్ళి కోనసీమ అంతా తిరగాలని ఎప్పటినుంచో కోరిక. గేర్ల సైకిల్, 13 కిలోలు ఉంటుంది. నాకు స్లీపర్‌లో బెర్త్ దొరికింది. సైకిల్‌కి కూడా ముందుగా చోటు బుక్ చేసుకోవచ్చేమోనని సైట్ అంతా వెతికాను, ఎక్కడా కనిపించలేదు. స్టేషన్‌లో అడిగితే ఒకరు లగేజీ అన్నారు, ఇంకొకరు పార్సిల్ అన్నారు. రెండూ ఒకటేనా? సైకిల్ నాతోపాటు అదే రైల్లో వస్తుందా? తీసుకెళ్ళినవాళ్ళు మీకు జరిగింది జరిగినట్టు చెబితే చాలా మేలు.

రెండు చక్రాలు:
జయనగర్ నుంచి. నేను ఏటా అనంతపురం వైపు సైకిల్‌తోనే వెళ్తాను కాబట్టి తెలిసినంత చెబుతాను.

రెండూ వేరు వేరండీ. మీ టికెట్ చూపించి, మీరు ఎక్కే రైలుకే రాయించుకుంటే అది లగేజీ. మీరు ప్రయాణం చేయకుండా సామాను ఒక్కటే పంపితే పార్సిల్, అది ఎప్పుడు చోటుంటే అప్పుడు వెళ్తుంది. కౌంటర్ దగ్గర టికెట్ ముందు పెట్టి, "నేనూ ఇదే రైల్లో వెళ్తున్నాను, లగేజీగా రాయండి" అని మొదటి మాటలోనే చెప్పండి. ఇది స్పష్టంగా చెప్పకపోతే సైకిల్ చూడగానే పార్సిల్ ఫారం చేతిలో పెడతారు.

మీరు వెతికిన చోటు రిజర్వేషన్ మాత్రం మన దగ్గర లేదు. మీకు ఇచ్చేది డబ్బు కట్టిన రసీదు. ఆ రైలు బ్రేక్ వ్యాన్‌లో, అంటే సామాను పెట్టెలో, ఫలానా మూల మీ సైకిల్‌దని ఎవరూ రాసివ్వరు. ఇంకో సంగతి, స్లీపర్ టికెట్ మీద 40 కిలోల దాకా సామాను ఉచితం కదా, సైకిల్‌కి డబ్బెందుకని చాలామంది అక్కడ వాదనకి దిగుతారు. సైకిళ్ళకీ స్కూటర్లకీ ఆ ఉచితం వర్తించదు. వాదన వల్ల టైము పోతుంది, అంతే.

రైలు బయల్దేరడానికి కనీసం అరగంట ముందు సామాను తేవాలని నియమం. పండగ రోజుల్లో అరగంట ఏ మూలకీ చాలదు. మూడు గంటల ముందు అక్కడ ఉండండి. టికెట్, ఆధార్ జిరాక్సులు రెండేసి పెట్టుకోండి. ఫారం నింపడం, తూకం, రసీదు, ఆ తర్వాత ప్లాట్‌ఫారం మీదికి చేర్చడం, ఒక్కొక్కటీ ఒక్కో చోట జరిగే పని.

హెబ్బాళ్ కుర్రాడు:
చాలా థాంక్సండీ. ప్యాకింగ్ మనమే చేసుకోవాలా? పార్సిల్ ఆఫీసు బయట గోనె కుట్టేవాళ్ళు ఉంటారని విన్నాను.

రెండు చక్రాలు:
ఉంటారు. వాళ్ళు బైకులు కట్టడంలో ఆరితేరినవాళ్ళు. గడ్డి పెట్టి గోనె చుట్టి కుట్టేస్తారు. కానీ గేర్ల సైకిల్‌లో ఏది సున్నితమో వాళ్ళకి తెలియాల్సిన పని లేదు కదా, అది మనం ఇంట్లోనే చూసుకోవాలి. ముందు పెడళ్ళు విప్పండి. ఎడమవైపు పెడల్ మర తిరగేసి ఉంటుంది, గుర్తుంచుకోండి. హ్యాండిల్ వదులు చేసి ఫ్రేముకి సమాంతరంగా తిప్పి కట్టండి. వెనక డీరైలర్, అంటే గేర్లు మార్చే భాగం, విప్పి, అట్టముక్కలో చుట్టి, చక్రం చువ్వలకీ ఫ్రేముకీ మధ్య లోపలికి కట్టేయండి. సైకిల్‌కి దెబ్బ తగిలితే మొదట వంగేది డీరైలర్ బిగించే ఆ చిన్న హ్యాంగర్ ముక్కే. అది మీ మోడల్‌ది ఒకటి అదనంగా కొని సంచిలో వేసుకోండి, కోనసీమలో ఏ షాపులోనూ వెంటనే దొరకదు.

డిస్క్ బ్రేకులైతే, చక్రం విప్పినప్పుడు ప్యాడ్ల మధ్య మందపాటి అట్టముక్క దూర్చండి. లేకపోతే ఎవరైనా లివర్ నొక్కితే ప్యాడ్లు మూసుకుపోతాయి. చక్రాలు విప్పకుండా ఉంచడమే నాకు నచ్చుతుంది, ఎందుకంటే నడిపించుకుని తీసుకెళ్ళే సైకిల్‌ని ఎవరూ విసిరేయరు. లైటు, బెల్లు, నీళ్ళ సీసా, పంపు ఏవీ సైకిల్ మీద వదలకండి.

పేరు, ఫోన్ నంబరు, పీఎన్ఆర్, రైలు నంబరు, ఎక్కే స్టేషన్ కోడ్, దిగే స్టేషన్ కోడ్ చెరగని మార్కర్‌తో రెండు చోట్ల రాయండి. గోనె మీద ఒకటి, ఫ్రేముకి తీగతో కట్టిన అట్ట మీద ఒకటి. గోనె చిరిగినా అట్ట మిగులుతుంది.

వేళచ్చేరి నీలిమ:
డీరైలర్ గురించి చెప్పింది అక్షరాలా నిజం. నా సైకిల్ ఒక స్టేషన్‌లో దించేటప్పుడు గేర్ల వైపు కింద పడేలా పడుకోబెట్టి, దాని మీద బస్తాలు వేశారు. హ్యాంగర్ వంగిపోయి, మిగతా దారంతా ఒకే గేరులో తొక్కాను. అప్పటినుంచి గేర్ల వైపు ఎర్ర టేపుతో పెద్ద బాణం అంటించి "ఈ వైపు పైకి" అని తెలుగులో, హిందీలో, తమిళంలో రాస్తున్నాను. చాలామంది హమాలీలు అది చదివి నిజంగానే జాగ్రత్తగా పెడతారు. వాళ్ళకి ఎవరూ చెప్పకపోవడమే అసలు లోటు.

నేను కొన్నాళ్ళు జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో ఉన్నాను. అక్కడ దూరప్రయాణపు ఐసీ రైళ్ళలో మనిషి టికెట్‌తోపాటు సైకిల్ టికెట్ కొని, చోటు కూడా రిజర్వ్ చేసుకోవాలి. ఏ పెట్టె, ఎన్నో నంబరు చోటు అన్నది టికెట్ మీదే ఉంటుంది. పెట్టె తలుపు మీద సైకిల్ బొమ్మ ఉంటుంది. సంచులు దించి, మన సైకిల్ మనమే ఎక్కించి స్టాండులో పెట్టుకోవాలి. కొన్నిచోట్ల ముందు చక్రాన్ని ఎత్తి కొక్కేనికి తగిలించాలి, బరువైన బ్యాటరీ సైకిల్ అయితే అది కష్టమే. ఐసీఈ 4 అనే వేగం రైలు అంత పొడుగున్నా అందులో ఉన్న చోట్లు 8. ఎండాకాలం సెలవుల్లో అవి ఎంతో ముందే నిండిపోతాయి. చోటు దొరకని రోజు చిన్న ప్రాంతీయ రైళ్ళు మారుతూ వెళ్ళేదాన్ని, వాటిలో రిజర్వేషన్ ఉండదు, ఖాళీ ఉంటే ఎక్కొచ్చు.

యూరప్‌లో 2021లో చేసిన రైలు ప్రయాణికుల హక్కుల నిబంధన ప్రకారం, 2025 జూన్ నుంచి కొత్తగా కొనే రైళ్ళలో, పెద్ద ఎత్తున మార్పులు చేసే రైళ్ళలో కనీసం 4 సైకిళ్ళకి చోటుండాలి. నాలుగంటే నాలుగే. మన 20 పైచిలుకు పెట్టెల రైలుకి నాలుగు కొక్కేలు పెట్టడం పెద్ద ఖర్చని నేను అనుకోను. చోటు నంబరు ఇచ్చేస్తే మిగతా సగం కష్టాలు ఉండనే ఉండవు.

పెరంబూరు తాతయ్య:
బాబూ, నేను పార్సిల్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు పెరంబూరులో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మీ అందరి మాటలూ చదివాక లోపలి సంగతి కొంచెం చెప్పాలనిపించింది.

సైకిల్ ఎందుకు వెనకపడిపోతుందో తెలుసా? సామాను పెట్టే పెట్టెని ఎస్‌ఎల్‌ఆర్ అంటారు. గార్డు గది, కొన్ని సీట్లు, సామాను గదులు, అన్నీ అందులోనే. ఒక్కో సామాను గదిలో సుమారు 4 టన్నులు పడతాయి. ఈ గదుల్లో కొన్నింటిని రైల్వే కాంట్రాక్టర్లకి లీజుకిస్తుంది. లీజు గదిలో మీ సైకిల్ పెట్టడానికి లేదు. మిగిలిన గదిలో పళ్ళ బుట్టలు, చేపల పెట్టెలు, బైకులు, ఆ తర్వాత మీరు. ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం పెట్టెల రైళ్ళలో చాలావాటికి చివర జనరేటర్ ఉన్న పవర్ కారులోనే సామాను గది కూడా ఉంటుంది. వందే భారత్‌లో అయితే సామాను పెట్టె అసలు లేదు, సైకిల్ ఉన్నవాళ్ళు దాని జోలికి పోనక్కర్లేదు.

కాబట్టి నా మాట ఒక్కటే: రైలు బయల్దేరే స్టేషన్‌లో ఎక్కించండి, రైలు ఆగిపోయే స్టేషన్‌లో దించుకోండి. బయల్దేరే చోట పెట్టె ఖాళీగా ఉంటుంది, ఎక్కించేవాళ్ళకి టైముంటుంది. ఆఖరి స్టేషన్‌లో పెట్టె మొత్తం ఖాళీ చేయాల్సిందే, మీ సైకిల్ ముందుకి వెళ్ళిపోయే భయం ఉండదు. మధ్య స్టేషన్‌లో రైలు రెండు నిమిషాలు ఆగితే, మీ సైకిల్ ముందు పది బస్తాలుంటే, దించేవాడు మాత్రం ఏం చేస్తాడు?

నువ్వు రాజమండ్రికి రాయించకు బాబూ. బెంగళూరులో బయల్దేరి కాకినాడ టౌన్‌లో ఆగిపోయే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది. సైకిల్‌ని కాకినాడ దాకా రాయించుకో, నువ్వూ అక్కడే దిగు. కోనసీమకి కాకినాడ కూడా దగ్గరే.

అడయార్ వాసి:
తాతయ్యగారు చెప్పింది పాటిస్తే దూరప్రయాణాలకి ఇబ్బంది ఉండదు. నాలాంటివాళ్ళకి దగ్గర ప్రయాణాలే ఎక్కువ. నేను తెల్లవారుజామున చెన్నై నుంచి సూళ్ళూరుపేట లోకల్ ఎక్కి, అక్కడినుంచి నేలపట్టుకో, పులికాట్ ఒడ్డుకో సైకిల్ మీద వెళ్ళి పక్షుల్ని చూసొస్తాను. దీనికోసమే మడత సైకిల్ కొన్నాను. మడిచి, గుడ్డ సంచిలో పెట్టి, తలుపు దగ్గర కాకుండా పెట్టె చివర గోడకి ఆనించి పక్కనే నిలబడతాను. సంచిలో ఉన్నంతవరకు అది ఒక సామాను మూట, ఎవరూ అడగరు. గొలుసు నూనె పక్కవాళ్ళ చీరకో పంచెకో అంటుకుంటేనే గొడవ, అందుకే సంచి తప్పనిసరి. ఉదయం ఆఫీసు వేళ నగరంలోకి వచ్చే బళ్ళు మాత్రం ఎక్కకండి, మనుషులకే చోటు చాలదు.

జపాన్‌లో మామూలు సైకిల్‌ని కూడా చక్రాలు విప్పి సంచిలో పెడితే రైల్లోకి రానిస్తారు. మన దగ్గర మెట్రోల్లో మార్పు మొదలైంది. కొచ్చి మెట్రో 2020 నవంబరులో సైకిళ్ళని అనుమతించింది. ముంబై మెట్రో 2ఏ, 7 లైన్లలో పెట్టెలోనే సైకిల్‌కి చోటు పెట్టారు.

మారతహళ్ళి శ్రీను:
అన్నా, ఇంత తతంగం ఎందుకు? చక్రాలు రెండూ విప్పి పెద్ద సంచిలో పెట్టి స్లీపర్‌లో సీటు కింద తోసేయొచ్చు కదా. నా ఫ్రెండ్ అలాగే తీసుకెళ్తాడు, టీటీ ఏమీ అనలేదట.

పెరంబూరు తాతయ్య:
అనకపోవడం ఆ టీటీ మంచితనం శ్రీనూ. పెట్టెలోకి తెచ్చే సామాను కొలత 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు దాటకూడదు. థర్డ్ ఏసీలో ఇంకా తక్కువ. పెద్ద సైకిల్ ఫ్రేము ఒక్కటే దాదాపు ఆ మేరకి వస్తుంది. పండగ రైల్లో ఎదురెదురు బెర్తుల కింద ఆరుగురి సామాను సర్దాలి. అందులో ఒక ముసలావిడ సంచికి చోటు లేకుండా చేసి మనం సైకిల్ తీసుకెళ్ళడం న్యాయంగా ఉండదు.

వేళచ్చేరి నీలిమ:
తాతయ్యగారూ, ఒకవేళ సైకిల్ పోతేనో, విరిగితేనో నష్టపరిహారం ఏమైనా వస్తుందా? నా హ్యాంగర్ విషయంలో ఎవరిని అడగాలో కూడా తెలియలేదు.

పెరంబూరు తాతయ్య:
వస్తుందమ్మా, కానీ ఎంత వస్తుందన్నది బుక్ చేసే రోజే తేలిపోతుంది. విలువ ప్రకటించకుండా రాయించిన లగేజీకి రైల్వే బాధ్యత కిలోకి 100 రూపాయల వరకే. పార్సిల్ అయితే 50. 13 కిలోల సైకిల్ లగేజీగా వెళ్ళి పోయిందనుకో, 40 వేలు పెట్టి కొన్నా సరే, చేతికొచ్చేది 1,300కి మించదు. ఖరీదైన సైకిల్ అయితే ఫారంలో విలువ రాసి, దాని మీద శాతం చొప్పున అదనపు రుసుము కట్టు. అప్పుడు రాసిన విలువ దాకా అడగొచ్చు. కౌంటర్‌లో వాళ్ళంతట వాళ్ళు అడగరు, నువ్వే అడగాలి. దెబ్బ తగిలితే సైకిల్ తీసుకునే ముందే అక్కడి సిబ్బందికి చూపించి రాయించుకో, సంతకం పెట్టి ఇంటికి తెచ్చాక చెబితే ఎవరూ వినరు. క్లెయిమ్ నోటీసు 6 నెలల్లోపు ఇవ్వాలి. బుక్ చేయకుండా పెట్టెలో మనతో ఉంచుకున్న సామాను పోతే, రైల్వే నిర్లక్ష్యం వల్లే పోయిందని మనమే నిరూపించాలి. శ్రీను స్నేహితుడికి ఈ మాట చెప్పండి.

రెండు చక్రాలు:
ఇది నాకూ కొత్త సంగతి. ఈసారి విలువ రాయించే వెళ్తాను.

ఒకటి కలుపుతాను. రసీదు తీసుకుని బెర్తులో కూర్చోకండి. ప్లాట్‌ఫారం మీద సైకిల్ పక్కనే ఉండి, పెట్టెలోకి ఎక్కడం కళ్ళారా చూసి, ఏ పెట్టె, ముందుదా వెనకదా అన్నది ఫోటో తీసుకోండి. ఎక్కించకపోతే రైలు కదలకముందే లగేజీ సూపర్‌వైజర్‌ని అడగొచ్చు. రైలు కదిలాక రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయడం తప్ప మిగిలేదేమీ లేదు. దిగాక నేరుగా ఆ పెట్టె దగ్గరికే నడవండి. అక్కడే దొరికితే సంతోషం, లేకపోతే పార్సిల్ ఆఫీసులో అసలు రసీదు చూపించి తీసుకోవాలి. ఆలస్యం చేస్తే ఉంచినందుకు గంటల లెక్కన డబ్బు పడుతుంది.

హెబ్బాళ్ కుర్రాడు:
మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. టికెట్ రద్దు చేసి శేషాద్రిలో కాకినాడ టౌన్‌కి మళ్ళీ తీసుకున్నాను. ఆర్ఏసీ వచ్చింది, ఫరవాలేదు. అమ్మావాళ్ళకి ఒక రోజు ఆలస్యంగా వస్తానని చెప్పాను. కాకినాడ నుంచి కోనసీమలోకి ఏ దారి మంచిది? హైవే మీద లారీల మధ్య తొక్కాలంటే టెన్షన్.

అమలాపురం ఆడపడుచు:
తమ్ముడూ, నేను బెంగళూరు కోడలిని, పుట్టిల్లు అమలాపురం. హైవే అక్కర్లేదు. కాకినాడ నుంచి యానాం 30 కిలోమీటర్లు ఉంటుంది. యానాం దాటగానే గౌతమి మీద బాలయోగి గారి పేరు పెట్టిన వంతెన. అది దిగితే ఎదుర్లంక, ఇక కోనసీమే. ముమ్మిడివరం మీదుగా అమలాపురం చేరి ఆ రాత్రి అక్కడ ఉండు. రెండో రోజు రాజోలు వైపు నుంచి అంతర్వేది వెళ్ళు. కాలవ గట్ల రోడ్లు ఇరుకు, పండగకి కార్లు ఎక్కువ, పొద్దున పది లోపే తొక్కెయ్యి. సఖినేటిపల్లి దగ్గర గోదావరి దాటించే పంటు ఎక్కితే అవతల నరసాపురం. పంటు మీద మోటారు బళ్ళు కూడా వెళ్తాయి, సైకిల్‌కి ఎవరూ అభ్యంతరం చెప్పరు. తిరుగు ప్రయాణం కూడా కాకినాడ టౌన్ నుంచే అయితే, దిగిన రోజే అక్కడి పార్సిల్ ఆఫీసుకి వెళ్ళి కనుమ, ముక్కనుమ రోజుల్లో కౌంటర్ ఎప్పుడు తెరుస్తారో అడిగి రాసుకో.