హాల్లో రైలు: గుండ్రంగా తిప్పాలా, గోడవారన షంటింగ్ చాలా?

పటమట_ఫ్లాట్:
అందరికీ నమస్కారం. మాది రెండు బెడ్‌రూముల ఫ్లాట్. హెచ్‌ఓ స్కేల్లో, అంటే అసలు రైలులో 87వ వంతు సైజులో, చిన్న బొమ్మ రైలు లేఅవుట్ మొదలుపెడుతున్నాం. 8 బై 4 అడుగుల ప్లైవుడ్ షీటు తెచ్చి గుండ్రంగా ట్రాక్ వేయాలా, గోడవారన 6 అడుగుల పలక మీద షంటింగ్, అంటే ఇంజిన్‌తో వ్యాగన్లను ముందుకీ వెనక్కీ జరిపి వరుస కట్టడం, సరిపోతుందా? ఆదివారం వడ్రంగి వస్తాడు. మావాడికి తొమ్మిదేళ్లు.

అరండల్‌పేట_లూప్‌లైన్:
గుండ్రంగానే వేయండి. రైలంటే ఆగకుండా పరిగెత్తాలి. విజయవాడ స్టేషన్లో పది ప్లాట్‌ఫారాల మీద వచ్చిపోయే బళ్లు చూసి పెరిగే పిల్లాడికి, ముందుకీ వెనక్కీ మెల్లగా జరిగే ఇంజిన్ కంటికి ఆనుతుందా?

గూడ్స్‌షెడ్_గుంటూరు:
అన్నా, నేను ఒప్పుకోలేను. నేను మొదట వేసింది 8 బై 4 షీటే. ఒక్కసారి లెక్క చూడండి. మన ఐసీఎఫ్ (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ రకం) బోగీ పొడవు 21 మీటర్ల పైన. 87తో భాగిస్తే 24 సెంటీమీటర్లు దాటుతుంది. పది బోగీలు తగిలిస్తే 8 అడుగులు, షీటు పొడవంతా అయిపోయింది. ఇంకా ఇంజిన్ పెట్టనేలేదు. నాలుగడుగుల వెడల్పులో వంపు రేడియస్ 22 అంగుళాలకు మించి రావడం కష్టం. అంత బిగుతు వంపులో పొడవాటి బోగీ నడుము లోపలికి, చివరలు బయటికి పోతాయి. నా బండి వంపు మొదట్లోనే కప్లింగ్ దగ్గర లాగేసి పట్టాలు తప్పేది. చివరికి ఆ షీటు మంచం కింద పట్టక బీరువా వెనక నిలబెట్టాం. వానాకాలం తేమకి నడుమ వంగిపోయింది.

ఇప్పుడు నాది ఆరడుగుల పొడవు, అడుగు వెడల్పు పలక. రెండు పాయింట్లు (బండిని ఒక లైన్నుంచి ఇంకో లైన్‌కి మళ్లించేవి), మూడు లైన్లు. దీన్ని ఇంగిల్‌నుక్ అంటారు. ఒక లైన్లో 5 వ్యాగన్లు, మిగతా రెండింట్లో మూడేసి పడతాయి. 8 వ్యాగన్లు పెట్టి, చీటీలు తీసి, వచ్చిన వరుసలోనే 5 వ్యాగన్ల రేక్, అంటే బండి, కట్టాలి. అలాంటి వరుసలు 6,720. మా పాప రోజూ సాయంత్రం చీటీలు తీస్తుంది, నిన్నటి ఆట ఇవాళ రాదు.

పలక మీద చూపించిన దృశ్యం మన గుంటూరు రెడ్డిపాలెం గూడ్స్ షెడ్డు. 2020 జులైలో బంగ్లాదేశ్‌లోని బెనాపోల్‌కి ఎండుమిర్చి పార్సిల్ రైలు వెళ్లింది అక్కణ్నుంచే. షెడ్డుకి తెల్ల పొణికి వాడాను, కొండపల్లి బొమ్మలు చేసే చెక్కే. బ్లేడు పెడితే మెత్తగా తెగుతుంది. మిర్చి టిక్కీ, అంటే మిర్చి బస్తా, ఈ స్కేల్లో సెంటీమీటరు ఉంటుంది. గోనెపట్టా ముక్కని చుట్టి, జిగురు పెట్టి, పట్టకారుతో ఒకదాని మీద ఒకటి పేర్చాను. నలభై టిక్కీలకి రెండు రాత్రులు పట్టింది. గుండ్రం లేఅవుట్లో ఇంత దగ్గరగా ఏదీ చూడలేదు నేను, బండి తిరుగుతుంటే కళ్లు దాని వెంటే పోయేవి.

అరండల్‌పేట_లూప్‌లైన్:
బోగీల లెక్క నిజమే, కాదనను. కానీ చోటే సమస్యయితే ఎన్ స్కేల్‌కి వెళ్లండి. 160వ వంతు, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. రెండడుగుల వెడల్పులో గుండ్రం పట్టేస్తుంది. పిల్లలకి బండి సొరంగంలో దూరి అటు తేలడం చూడటమే పండగ. ఆ ఆనందం షంటింగ్‌లో లేదు.

గూడ్స్‌షెడ్_గుంటూరు:
సొరంగం మాట ఒప్పుకుంటాను, మా పాప కూడా అడుగుతుంది. కానీ ఎన్ స్కేల్ ఇంజిన్ బరువు తక్కువ. పట్టాల మీద మన దుమ్ము కాస్త పేరుకుంటే కరెంటు సరిగా అందక ఆగిపోతుంది. ఆ చిన్న చక్రాల్ని పట్టాల మీద కూర్చోబెట్టడం తొమ్మిదేళ్ల చేతులకి కష్టం. పటమట తమ్ముడూ, ఒక పని చేయండి. రెండు వైపులా ఒక్కో లైను పలక అంచు దాకా తీసుకెళ్లండి. రేపు పెద్దిల్లు దొరికితే అక్కడ వంపు ముక్కలు తగిలించి గుండ్రం చేసుకోవచ్చు. ఇప్పుడైతే షంటింగ్‌తోనే మొదలుపెట్టండి.

పటమట_ఫ్లాట్:
మావాడిని అడిగాను. "ఇంజిన్ ఎవరు నడుపుతారు?" అన్నాడు. గుండ్రమైతే అదే తిరుగుతుంది, పలకయితే నువ్వే నడపాలి అన్నాను. వడ్రంగికి ఆరడుగుల పలక చెప్పేశాను, లైన్లు అంచు దాకా వేస్తాం. టిక్కీలు ఎలా చుట్టారో ఫొటో పెట్టండి అన్నా.