పాయింట్ 22 ఎల్‌ఆర్ బారెల్‌కి ఏ రీమర్: స్పోర్టింగా, బెంట్జా, మ్యాచా?

గురి_కుదరదు:
నా బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి కొత్త బారెల్ వేయిస్తున్నాను. చాంబర్ (బారెల్‌లో తూటా కూర్చునే చోటు) ఏ రీమర్‌తో (దాన్ని తొలిచే పనిముట్టు) తీయమంటారని లైసెన్సున్న గన్‌స్మిత్ అడిగారు. 50 మీటర్ల పేపర్ టార్గెట్ తప్ప నాకు వేరే పని లేదు. వాడి చూసినవాళ్లు చెప్పండి.

పాత_లేత్:
ఈ 22 ఎల్‌ఆర్ తూటాలో బుల్లెట్ వ్యాసం, కేస్ (మందు ఉండే లోహపు గొట్టం) బయటి వ్యాసం దాదాపు ఒకటే. బుల్లెట్ మడమ (వెనక కొస) మాత్రమే సన్నగా ఉండి కేస్‌లోకి దిగుతుంది. అందుకని చాంబర్ వదులైతే బుల్లెట్ కూడా వదులుగానే కూర్చుంటుంది.

స్పోర్టింగ్ రీమర్ పొడవుగా, కాస్త వెడల్పుగా తీస్తుంది, ఏ కంపెనీ తూటా అయినా పడుతుంది. మ్యాచ్ రీమర్‌తో తీసినదాంట్లో బోల్ట్ మూసేటప్పుడే బుల్లెట్ మీద రైఫ్లింగ్ (బారెల్ లోపలి మెలిక గాళ్లు) గీతలు పడతాయి, దాంతో బుల్లెట్ బారెల్‌కి నడిమధ్యన నిలబడుతుంది. బెంట్జ్ ఈ రెంటికీ నడుమ. సెమీ ఆటో వాళ్లకోసం వచ్చింది, పేల్చని తూటా లాగితే శుభ్రంగా బయటికొస్తుంది.

మీ పనికి మ్యాచే.

నల్లచుక్క:
అన్నా, ఆ "లాగితే రావడం" చిన్న విషయం కాదు. నాది బాగా బిగువు మ్యాచ్ చాంబర్. ఓసారి రేంజ్‌లో కాల్పులు ఆపమన్నారు, బోల్ట్ తీశాను. కేస్ ఒక్కటే చేతికొచ్చింది! బుల్లెట్ బారెల్‌లో, మందు పొడి యాక్షన్ (బోల్ట్ కదిలే భాగం) నిండా. రాడ్‌తో బుల్లెట్ బయటికి నెట్టి, యాక్షన్ తుడుచుకునేసరికి ఆ రోజు పోటీ అయిపోయింది. గ్రూపులు (టార్గెట్ మీద దెబ్బలు దగ్గరదగ్గరగా పడటం) బాగుంటాయి, కాదనను.

రిమ్‌ఫైర్_పిచ్చి:
ఇంకో జాగ్రత్త. మామూలు ఎల్‌ఆర్ కేస్ పొడవు 0.613 అంగుళాలు. సీసీఐ కంపెనీ స్టింగర్ తూటా కేస్ 0.710 దాకా ఉంటుంది. అది మ్యాచ్ చాంబర్‌లో వేస్తే కేస్ మూతి రైఫ్లింగ్ మొదట్లో ఇరుక్కుంటుంది, ప్రెషర్ ప్రమాదకరంగా పెరగొచ్చు. తుపాకీ ఇంకొకరి చేతికి ఇచ్చేటప్పుడు ఇది చెప్పి ఇవ్వండి.

నావి రెండు బారెళ్లు, ఒకటి బెంట్జ్, ఒకటి మ్యాచ్. మంచి మ్యాచ్ తూటాలతో తేడా నాకైతే కనబడలేదు. తూటాల లాట్ (తయారీ విడత) మారిస్తే మాత్రం రెండింటిలోనూ కనబడింది.

పాత_లేత్:
రెండు బారెళ్లు పోల్చి రీమర్‌కి మార్కులు వేయలేం బ్రదర్, బారెళ్లే వేరు కదా. పైగా రీమర్ పేరు ఒకటే అయినా తయారీదారుని బట్టి కొలతలు మారతాయి. గురి_కుదరదు గారూ, పేరు చెప్పి ఊరుకోకండి, ఆ రీమర్ డ్రాయింగ్ అడగండి. రిమ్‌కి (కేస్ అడుగు అంచుకి) వదిలే చోటు (హెడ్‌స్పేస్) కనీసం 0.043 అంగుళాలని ప్రమాణం, ఎంతకి పెడుతున్నారో కనుక్కోండి. మొద్దుబారిన రీమర్, వంకరగా బిగించిన బారెల్ అయితే ఎంత గొప్ప డిజైనైనా దండగే.

నల్లచుక్క:
ఏ చాంబరైనా కేస్ మూతి ముందు కార్బన్ రింగ్ కడుతుంది. మ్యాచ్‌లో త్వరగా తెలుస్తుంది, బోల్ట్ మూయడం బరువెక్కుతుంది. నేను మొదట్లో రీమర్‌నే తిట్టుకున్నాను, తీరా చూస్తే మసి.

గురి_కుదరదు:
మ్యాచ్ వైపే మొగ్గుతున్నాను. కానీ నల్లచుక్క గారి మందు పొడి కథ చదివాక టెన్షన్ పట్టుకుంది. గీతలు పడుతూనే, పేల్చని తూటా లాగితే మొత్తంగా వచ్చేంత తక్కువ బిగువుతో తీసిన మ్యాచ్ చాంబర్ ఎవరిదగ్గరైనా ఉందా? ఉంటే ఆ రీమర్ కొలతలు పెట్టండి, గన్‌స్మిత్‌కి చూపిస్తాను.