నీల్ దీవిలో కాటేజీ అద్దెకు తీసుకోవడం గురించి సలహా కావాలి

2018లో షహీద్ ద్వీప్‌గా పేరు మారిన అండమాన్‌లోని నీల్ దీవిలో, వచ్చే జనవరిలో వారం రోజులకు ఒక కాటేజీ అద్దెకు తీసుకోవాలనుకుంటున్నాము. మోకాళ్ల నొప్పులతో ఎక్కువ దూరం నడవలేని మా అమ్మగారికి, సముద్రానికి ఎదురుగా వసారాలో తీరిగ్గా కూర్చోవాలన్నది ఎన్నో ఏళ్ల కోరిక. యజమాని అద్దె మొత్తం ముందుగానే పంపమంటున్నారు. సముద్రం అల్లకల్లోలంగా ఉండి పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫెర్రీలు రద్దయితే, ఆ డబ్బు తిరిగి ఇవ్వడం గానీ తేదీలు మార్చడం గానీ అక్కడ వాడుకలో ఉందా? ఆయన పంపిన ఫొటోలో గుమ్మం ముందు ఎత్తైన నాలుగు చెక్క మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. నాకు అదే పెద్ద బెంగ. భరత్‌పూర్ తీరానికి దగ్గరలో, మెట్లు లేకుండా నేలకు సమంగా ఉండే కాటేజీలలో ఎవరైనా బస చేసి ఉంటే, దయచేసి మీ అనుభవం తెలియజేయగలరా?