వేడెక్కితే స్పార్క్ పోతున్న 125 సీసీ ఏటీవీ: పికప్ కాయిలా, సీడీఐనా?

ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటల కట్టల మీద మేత బస్తాలు తోలడానికి ఆన్‌లైన్‌లో ఊరూపేరూ లేని కంపెనీ ఏటీవీ (ఎగుడుదిగుడు దారుల్లో తిరిగే నాలుగు చక్రాల చిన్న బండి) కొన్నాను. చవగ్గా వస్తోందని ఆశపడ్డాను, తప్పు నాదే. పొద్దున సెల్ఫ్ నొక్కగానే స్టార్టవుతుంది. 20 నిమిషాలు తిరిగి ఇంజన్ బాగా వేడెక్కాక టప్పున ఆగిపోతుంది. అప్పుడు ప్లగ్ ఊడదీసి చూస్తే స్పార్క్ ఉండదు. అరగంట చల్లారితే మళ్లీ మామూలే.

ప్లగ్, ఇగ్నిషన్ కాయిల్ మార్చాను. కార్బురేటర్ కడిగించాను. ఉప్పుగాలికి తుప్పు పట్టిన ఎర్త్ వైరు గీకి బిగించాను. పార్ట్ నంబరు లేకుండా ఏమీ చేయలేమని నెల్లూరులో ఇద్దరు మెకానిక్‌లు తేల్చేశారు. అమ్మినవాడి ఫోన్ స్విచాఫ్. ప్లగ్‌కి స్పార్క్ అందించే ఎలక్ట్రానిక్ పెట్టె, అదే సీడీఐ, దానికి ఐదు పిన్నులున్నాయి, వైరింగ్ బొమ్మ లేదు.

బండి ఆగిన ఆ అరగంటలోనే, మల్టీమీటర్‌తో తప్పు పికప్ కాయిల్‌దా (స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో సీడీఐకి సిగ్నల్ పంపేది), సీడీఐదా అని ఎలా తేల్చుకోవాలి?