ర్యాలే ఫేడింగ్‌ల -20 డీబీ లోతు సరిగ్గ వస్తలేదు, తెలిసినోళ్లు చెప్పండి

అన్నా, నల్లగొండ నుంచి దేవరకొండ పోయే బస్సులల్ల పెట్టే ట్రాకర్ మోడెమ్‌ని టేబుల్ మీదనే టెస్ట్ చేద్దామని గ్నూ రేడియోల (కంప్యూటర్‌ల రేడియో సిగ్నల్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) ర్యాలే ఫేడింగ్ (బండి పోతుంటే సిగ్నల్ పెరుగుడు తగ్గుడు) పెట్టిన. 900 మెగాహెర్ట్జ్, స్పీడ్ 80 కిలోమీటర్లు, అంటే డాప్లర్ (స్పీడ్ వల్ల ఫ్రీక్వెన్సీ జరుగుడు) 67 హెర్ట్జ్ దాకా. గాల్లోకి ఏం వదుల్తలేను, అంతా కేబుల్, మధ్యల సిగ్నల్ తగ్గించే 30 డీబీ అటెన్యుయేటర్.

మోడెమ్ కంటే ముందు ఇంకో ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తోని నడిచే రేడియో) పెట్టి కొలిచిన. సగటు పవర్ కంటే 10 డీబీ కిందికి పోయే టైమ్ 9.5 శాతం రావాలె, వస్తుంది. కానీ 20 డీబీ కిందికి 1 శాతం రావాల్సింది 0.4 దగ్గరనే ఆగుతుంది, మోడెమ్ కాల్ కట్ అయ్యేది గా లోతులనే కాబట్టి అదే నాకు ముఖ్యం.

ఫేడింగ్ తయారుచేసే సైనసాయిడ్లు (సైన్ తరంగాలు) 8 నుంచి 32 చేసిన, రాండమ్ సీడ్ మార్చిన, ఏజీసీ (రిసీవర్ గెయిన్‌ని దానంతటదే మార్చేది) ఆఫ్ చేసిన, 10 నిమిషాల రికార్డింగ్ తీసిన. గా లోతు సగటున 0.6 మిల్లీసెకన్లే ఉంటది కదా అని పవర్ యావరేజ్ 1 మిల్లీసెకను నుంచి 0.1కి తగ్గించిన, అయినా అంతే. సాఫ్ట్‌వేర్‌ల ఫైల్ చూస్తే మాత్రం 1 శాతం కరెక్టుగనే ఉంది.

లోతును నింపుతున్నది ట్రాన్స్‌మిటర్ ఎల్‌ఓ (లోకల్ ఆసిలేటర్) లీకేజా లేక రిసీవర్ నాయిసా అని తేల్చనీకి ఏం కొలవాలె?